వదిలే ఊపిరిలోనే ఉంది కిటుకు

ఆయాసం రాగానే చాలామంది నోరు తెరిచి గబగబా గాలి పీలుస్తారు. పాతగాలి బయటికి పోనిదే కొత్తగాలికి చోటెక్కడిది? నిండిన బిందెలో మళ్ళీ నీళ్ళు పోస్తే ఏం లాభం? ముందు వదలడం నేర్చుకోవాలి.

ఊపిరి వదలడాన్నే ఒక విద్యగా జీవితమంతా సాధన చేసిన కళాకారుడు జపానులో ఉండేవారు. ఆయన పేరు గోరో యమగుచి. 1933లో పుట్టారు. తండ్రి షిరో కూడా పేరుపొందిన విద్వాంసుడే. ఆయన వాయించింది షాకుహాచి అనే వెదురు వేణువు. పొడవు సుమారు 54 సెంటీమీటర్లు. రంధ్రాలు ఐదే. మన పిల్లనగ్రోవిలా అడ్డంగా కాక సన్నాయిలా నిలువుగా పట్టుకుంటారు. పూర్వం ఫుకే శాఖకు చెందిన బౌద్ధ సన్యాసులు దీనిని ఊదడమే ధ్యానంగా భావించేవారు.

యమగుచి ఈ విద్యను 1967-68లో అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో బోధించారు. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షానికి పంపిన రికార్డులో ఆయన వాయించిన కొంగల పాట కూడా ఉంది. 1992లో జపాను ప్రభుత్వం ఆయనను సజీవ జాతీయ నిధిగా గౌరవించింది. 1999లో కన్నుమూశారు.

షాకుహాచి నేర్చుకునేవారి సాధనలో ముఖ్యమైనది ఒకే ఒక్క స్వరం. దాని పేరు ‘రో’. రంధ్రాలన్నీ మూసి, ఊపిరి ఉన్నంతవరకు ఆ స్వరాన్ని నిలపాలి. బలంగా ఊదితే స్వరం చెదురుతుంది. నెమ్మదిగా, సమంగా వదిలితేనే నిలుస్తుంది.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఉంది. పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి గాలి లోపలే చిక్కుకుపోయి ఆయాసం వస్తుంది. అటువంటివారికి డాక్టర్లు ఒక అభ్యాసం చెబుతారు. నిటారుగా కూర్చోండి. భుజాలు వదులుగా ఉంచండి. రెండు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి. ఈల వేసేటప్పటిలా పెదవులు గుండ్రంగా చేసి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. పెదవుల దగ్గర కలిగే ఆ కొద్దిపాటి అడ్డు వల్ల లోపలి శ్వాసనాళాలు మూసుకుపోకుండా ఉంటాయి. మెట్లెక్కేటప్పుడు, బరువెత్తేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. బలవంతంగా ఊదకండి. తల తిరిగితే వెంటనే ఆపండి.

అయితే వేణువు ఊదితే ఉబ్బసం పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. డాక్టరు ఇచ్చిన మందులు, ఇన్‌హేలరు సొంతంగా మానకండి. సిగరెట్, బీడీ, చుట్ట మానకుండా ఎన్ని అభ్యాసాలు చేసినా ప్రయోజనం తక్కువే. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్ళలో పొగ బయటికి పోయే దారి తప్పక ఉండాలి.

పెదవులు నీలిరంగుకు తిరిగినా, గుండెలో నొప్పి వచ్చినా, ఒక్క వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోయినా ఇంట్లో అభ్యాసాలు చేస్తూ కూర్చోకూడదు. తక్షణం ఆసుపత్రికి వెళ్ళాలి. మిగిలిన రోజుల్లో మాత్రం పూటకు ఐదు నిమిషాలు ఈ అభ్యాసానికి కేటాయించండి. ఆయాసం లేనప్పుడు అలవాటు చేసుకుంటేనే వచ్చినప్పుడు అక్కరకు వస్తుంది.