కబడ్డీకి ముందు కాలు ఎందుకు ఊపాలి?

కూతకు వెళ్లినవాళ్లు ఒక్కోసారి ఉన్నట్టుండి కాలు చాచి ప్రత్యర్థిని తాకాల్సి వస్తుంది. బిగుసుకుని ఉన్న తొడ వెనక కండరం అంత సాగదు, పట్టేస్తుంది. అందుకే ముందు 5 నిమిషాలు మెల్లగా పరుగెత్తండి. కండరాల్లోకి నెత్తురు బాగా పారి, అవి వెచ్చబడతాయి.

ఇప్పుడు గోడ పక్కన నిలబడి ఒక చెయ్యి ఆనించండి. అవతలి కాలిని తుంటి దగ్గర్నుంచి గడియారం లోలకంలా ముందుకీ వెనక్కీ ఊపండి. మొదట మోకాలి ఎత్తు చాలు, తర్వాత కొంచెం కొంచెం పెంచండి. ఒక్కో కాలికి 10 సార్లు. నడుము వంగుతోందంటే కాలు హద్దు దాటిందన్నమాట, తగ్గించండి.

విసురుగా తన్నారో, కండరం తనను తాను కాపాడుకోవడానికి తిరిగి బిగుసుకుంటుంది! మెదడును అడగకుండానే వెన్నుపాము ఆ ఆజ్ఞ ఇచ్చేస్తుంది. నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఇదే. ఇక, కదలకుండా ఎక్కువసేపు సాగదీసి ఉంచే వ్యాయామాలు ఆటయ్యాక చేయండి.