ఉక్కు పోగుల కాంక్రీటు

సెల్ఫ్ కంపాక్టింగ్ కాంక్రీటు తన బరువుకు తానే పారి, ఊచల సందుల్లో దూరి, వైబ్రేటర్ అవసరం లేకుండా సెంట్రింగ్ మూలమూలలా నిండుతుంది. జపాన్‌లో నిపుణులైన పనివాళ్లు కరవై, సరిగా కుదించని కట్టడాలు త్వరగా పాడవుతుంటే 1986లో టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యుడు హజిమె ఒకమురా దీన్ని ప్రతిపాదించారు. 1988 నాటికి నమూనా సిద్ధమైంది.

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయ్యాక మాదాపూర్ నుంచి రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా భవనాలు ఎత్తు పెరుగుతూ వచ్చాయి. అంత ఎత్తుకు తగ్గట్టు దూలం, స్తంభం కలిసే చోట ఊచలు కిక్కిరిసి, వైబ్రేటర్ సూది దిగదు. కాంక్రీటు లోపల తేనెతుట్టెలా గుల్లబారితే పైకి కనిపించదు. పారే కాంక్రీటు అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

పారడానికి ఇందులో కంకర తగ్గించి పొడి పెంచుతారు. సిమెంటుతో పాటు రామగుండం, కొత్తగూడెం వంటి థర్మల్ కేంద్రాల నుంచి వచ్చే బూడిద కలుపుతారు. నీరు పెంచకుండా పలుచన చేసేది సూపర్ ప్లాస్టిసైజర్. అయితే సిమెంటు ముద్ద ఎక్కువైన కొద్దీ ఆరేటప్పుడు కుంచించుకుపోయి నెర్రెలిచ్చే ముప్పూ ఎక్కువే. పైగా ఏ కాంక్రీటుకైనా లాగుడు బలం నొక్కుడు బలంలో దాదాపు పదో వంతే.

ఉక్కు పోగులు ఆదుకునేది ఈ బలహీనత ఉన్నచోటే. ఇవి సాధారణంగా 30–60 మిల్లీమీటర్ల పొడవున, కొసలు వంచి ఉంటాయి. వీటితో నొక్కుడు బలం పెద్దగా పెరగదు, పెరుగుతుందనుకోవడం పొరపాటు. మారేది విరిగే తీరు. ప్రయోగశాలలో మామూలు కాంక్రీటు దూలంపై బరువు పెంచుతూ పోతే ఒక్కసారిగా రెండు ముక్కలవుతుంది. పోగులున్న దూలంలో పగులు పడ్డాక కూడా పోగులు రెండు అంచులనూ పట్టి ఉంచుతాయి. వంపు సాగి, పోగు మెల్లగా ఊడివచ్చే దాకా దూలం కొంత బరువు మోస్తూనే ఉంటుంది.

కానీ పోగులు పారుదలకు అడ్డు. ఘనపరిమాణంలో అర శాతమంటే ఘనపు మీటరుకు సుమారు 39 కిలోలు. మోతాదు మించితే ఉండలు కడతాయి, ఊచల దగ్గర చిక్కుకుంటాయి. అందుకే పోగు పొడవు ఊచల మధ్య ఖాళీ కన్నా తక్కువగా ఉండాలి. మరీ ఇరుకైన కూడళ్లలో పోగులు మానేయడమే మేలు. పారే దిశకే పోగులు వాలుతాయి కాబట్టి బలం అన్ని వైపులా ఒకేలా ఉండదు. ప్రధాన ఊచలను పూర్తిగా తీసేసి వీటిపైనే దూలాలు, స్తంభాలు నిలబెట్టకూడదు. నేలలు, రోడ్లు, సొరంగాల లోగోడలు వీటికి అనువైనవి. పోగుల కాంక్రీటు రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలూ ఉన్నాయి.

సైటులో 300 మిల్లీమీటర్ల శంకువు నింపి ఎత్తితే కాంక్రీటు 550 నుంచి 850 మిల్లీమీటర్ల వెడల్పున పరుచుకోవాలి. మధ్యలో పోగులు, కంకర కుప్పపడి అంచున నీటి వలయం తేలితే ఆ లోడు వెనక్కి పంపాల్సిందే. ఎండాకాలం ట్రాఫిక్‌లో లారీ చిక్కుకుంటే పారుదల పడిపోతుంది. అప్పుడు నీళ్లు పోస్తే బలం తగ్గి కంకర, పోగులు అడుగుకు దిగుతాయి. ఇంజనీరు అనుమతించిన మేరకు ప్లాస్టిసైజర్ కలిపి, మళ్లీ పరీక్షించాకే పోయాలి.