స్నేహితుడు దూరమైనప్పుడు

ఇంట్లో మనిషి చనిపోతే ఊరంతా వస్తుంది. సంఘము వస్తుంది, పాటలు పాడుతుంది, ఆదరణ కూడిక జరుగుతుంది. ఇరవై ఏండ్ల స్నేహము తెగిపోయిన ఇంటికి ఎవరు వస్తారు? "వాళ్లిద్దరికీ మాటల్లేవట" అని చెప్పుకొని ఊరు ఊరుకుంటుంది. అతడు మాత్రము పొలానికి వెళ్లే దారి మార్చుకుంటాడు. ఆమె బోరింగు దగ్గరకు వెళ్లే వేళ మార్చుకుంటుంది. కుటుంబ దర్శనములలో ఇట్టివారిని మేము తరచుగా చూస్తున్నాము. ఇది కూడ దుఃఖమేనని ముందుగా ఒప్పుకొనవలెను.

పౌలు బర్నబాల సంగతి చూడండి. పౌలు మారుమనస్సు పొంది యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులందరు అతనిని చూచి భయపడ్డారు. అతనిని చేరదీసి అపొస్తలుల యొద్దకు తీసికొనిపోయినవాడు కుప్రవాడైన బర్నబా. తరువాత తార్సు దాకా వెళ్లి, వెదకి, అంతియొకయకు తోడుకొని వచ్చినవాడు కూడ అతడే. లుస్త్రలో పౌలును రాళ్లతో కొట్టి చచ్చెననుకొని ఊరి వెలుపలికి ఈడ్చివేస్తే, మరునాడు అతనితో దెర్బేకు బయలుదేరినది బర్నబాయే.

అంతటి స్నేహము మార్కు విషయమై తెగిపోయింది. పంఫూలియలో తమ్మును విడిచిపోయినవాడు మరల వద్దని పౌలు, కావలెనని బర్నబా. మార్కు బర్నబాకు దగ్గర చుట్టము. చుట్టరికము, పని రెండూ కలిస్తే తగవు ఎంత ముదురుతుందో పల్లెలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. బర్నబా మార్కుతో కుప్రకు ఓడ ఎక్కాడు. పౌలు సీలతో సిరియ, కిలికియల మీదుగా వెళ్లాడు.

దీనివలన సువార్త రెండు దిక్కులకు వెళ్లినదని బోధకులమైన మేము త్వరపడి చెబుతుంటాము. నిజమే కావచ్చు గాని, గాయపడినవానికి మొదటి రోజున చెప్పవలసిన మాట అది కాదు. తప్పు ఎవరిదో లూకా తీర్పు చెప్పలేదు. వారిద్దరు మరల కలిసి ప్రయాణము చేసినట్టు లేఖనములలో ఎక్కడా లేదు. అయితే తరువాత కొరింథు సంఘమునకు వ్రాస్తూ, చేతులతో కష్టపడుతూ సేవ చేయువారిగా పౌలు తనతోపాటు బర్నబా పేరు చెబుతాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. మార్కును కూడ తన యొద్దకు తీసికొని రమ్మని చివరి రోజులలో తిమోతికి వ్రాశాడు.

పోయిన స్నేహము తిరిగి వస్తుందని మేము మాట ఇవ్వలేము. ఏడ్వవలసినంత ఏడ్వండి. తిండి, నిద్ర లేక వారాల తరబడి కోలుకోలేకపోతే వైద్యునికి చూపించుకొనుట అవిశ్వాసము కాదు. అతడు నమ్మి చెప్పిన ఇంటి గుట్టును రచ్చబండ మీద పెట్టకండి. నీళ్ల వంతు, చేబదులు లెక్కలుంటే ఒక పెద్దమనిషి ఎదుట తీర్చుకొనండి. బాకీ ఉన్నంతకాలము పుండు మానదు. పెదనాన్నా అని పిలిచిన పిల్లలను అలాగే పిలువనివ్వండి. ఆదివారము వేరే చాప మీద కూర్చున్నా సరే, ఆరాధన మానవద్దు. ఆ ఇంట చావు జరిగితే వెళ్లండి. చావుకు పిలుపు ఉండదు గదా. మాట కలవకపోయినా, పెట్టె వెనుక సమాధుల తోట వరకు నడవండి.