మీకు తెలుసా? దుబాయ్ వీడియో కాల్‌కు తాళం ఉంది!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో రాత్రి 9 కొట్టిందా, ఫోన్లు మోగుతాయి! దుబాయ్‌లో అప్పుడు ఏడున్నర. డ్యూటీ దిగి రూముకొచ్చే వేళ. బీడీల చాట పక్కకు జరిపి ఇక్కడ అక్క ఫోన్ ఎత్తుతుంది. ఆ మాటలు మధ్యలో ఎవరైనా వింటారా?

వాట్సాప్ కాల్ అయితే వినలేరు! 2016 నుంచి దానికి గట్టి తాళం. తాళంచెవి మాట్లాడుకునే ఫోన్లలోనే ఉంటుంది. కంపెనీ దగ్గర కూడా ఉండదు!

నమ్మరా? ఇప్పుడే చూడండి! చాట్‌లో మీవాళ్ల పేరు మీద నొక్కండి. కిందికి జరిపితే 'ఎన్‌క్రిప్షన్' కనిపిస్తుంది. తెరిస్తే 60 అంకెలు! అవతలి ఫోన్లోనూ అవే ఉండాలి. వాళ్లు చదువుతుంటే మీరు సరిచూసుకోండి. అన్నీ కలిశాయా? మధ్యలో ఎవరూ లేరన్నమాట! ఫోన్ మార్చితే అంకెలూ మారతాయి. కంగారు వద్దు, మళ్లీ సరిచూసుకుంటే సరి.

కానీ దుబాయ్‌లో వాట్సాప్ కాల్‌కు ఏళ్ల తరబడి అడ్డంకే! అందుకే మనవాళ్ల నోట బోటిమ్, ఇమో యాప్‌ల మాట. 2019లో టోటాక్ అనే కాల్ యాప్ వచ్చింది. పూర్తిగా ఉచితం! కాల్ ఇట్టే కలిసేది! ఏడాది చివర్లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక గుట్టు విప్పింది. అది యూఏఈ ప్రభుత్వ నిఘా యాప్ అని రాసింది! కంపెనీ కాదంది. గూగుల్, ఆపిల్ మాత్రం తమ స్టోర్ల నుంచి తీసేశాయి. ఊరికే వస్తోందని ఏ యాప్ పడితే అది వేసుకోకండి!

వాట్సాప్ కాల్ ఎత్తకపోయినా ఫోన్లోకి దూరిన సందర్భమూ ఉంది! అదే ఏడాది వాట్సాప్‌లోని ఓ కంత ద్వారా పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ చేసిన పని అది. సుమారు 1,400 మంది ఫోన్లపై గురి! వాట్సాప్ వెంటనే ఆ కంత పూడ్చింది. అందుకే యాప్ అప్‌డేట్ అడిగితే వాయిదా వేయొద్దు.

ఇలాంటి తాళమే ఉన్న సిగ్నల్ యాప్ సంగతి ఇంకా వింత! 2021లో అమెరికా అధికారులు అది వాడేవాళ్ల వివరాలు అడిగారు. అది ఇవ్వగలిగినవి రెండే! ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్ట్ అయిన రోజు. అడిగిన మిగతా వివరాలేవీ దాని దగ్గర లేనే లేవు!

ఇంత తాళం ఉన్నా ఒక్క నొక్కుతో అంతా బయటపడుతుంది! అదే స్క్రీన్ షేర్. మీకొచ్చే ఓటీపీ అవతలివాడికీ కనిపిస్తుంది! పోలీసు డ్రెస్సులో ఎవడైనా వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్ట్' అంటున్నాడా? అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు! కాల్ కట్ చేయండి. డబ్బు పోయిందా? ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ కొట్టండి!