ఆవిరితో నడిచింది పొగబండి ఎలా అయింది?

రైలును నడిపింది ఆవిరి. మరి మన పెద్దలు దాన్ని 'పొగబండి' అని ఎందుకన్నారు?

వికారాబాద్ జిల్లాలోని కోట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లకు రైలు దారంటే వికారాబాద్–తాండూరు లైనే. సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1874లో, సికింద్రాబాద్ నుంచి ఇప్పటి కర్ణాటకలోని వాడి దాకా నిజాం రైలు మొదలైంది. వాడి దగ్గర అది బొంబాయి–మద్రాసు లైనును కలిసింది.

ఇంజన్‌లో బొగ్గు మండితే బాయిలర్‌లోని నీరు ఆవిరవుతుంది. బయటైతే ఆ ఆవిరి నీటికన్నా దాదాపు 1,700 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. బాయిలర్‌లో అంత చోటుండదు. అందుకే ఒత్తిడి పెరిగి, సిలిండర్‌లోని పిస్టన్‌ను తోస్తుంది, చక్రం కదులుతుంది. ఇదంతా ఇనుము లోపల జరిగే పని. పైగా అసలు ఆవిరి కంటికి కనపడదు. చల్లబడి సన్నటి తుంపరగా మారాకే తెల్లగా కనిపిస్తుంది. పని అయిపోయిన ఆవిరిని పొగగొట్టంలోకే వదిలేవారు. అది పైకి దూసుకుపోతూ పొగనూ లాక్కుపోయేది, ఆ ఊపుకు పొయ్యిలోకి గాలి వీచి మంట పెరిగేది. కంటికి కనపడింది పొగే కాబట్టి జనం పొగబండి అన్నారు; కానీ వాళ్లు చూసిన ఆ పొగలో ఆవిరీ ఉంది. 'ఛుక్ ఛుక్' చప్పుడు కూడా ఆ ఆవిరిదే. రెండు సిలిండర్ల ఇంజన్‌కు చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగుసార్లు వినిపించేది.

తమిళులూ మనలాగే 'పుగైవండి' అన్నారు. మలయాళంలో అది 'తీవండి', మరాఠీలో 'ఆగ్‌గాడీ'. రెండింటికీ నిప్పుబండి అనే అర్థం. కన్నడంలో మాత్రం 'ఉగిబండి'. ఉగి అంటే ఆవిరి. తాండూరు దాటి కర్ణాటకలో అడుగుపెడితే అదే రైలుకు పేరు పొగ నుంచి ఆవిరికి మారుతుందన్నమాట! నాకు ఇది ఎంతో ఇష్టమైన సంగతి.

'ఆవిరి' ఇంజన్లకన్నా చాలా పాత మాట. తమిళంలోనూ కన్నడంలోనూ 'ఆవి' దాని చుట్టమే; తమిళంలో ఊపిరి, ప్రాణం అనే అర్థాలూ ఉన్నాయి. మనకది వంటింట్లో ఆవిరి కుడుము, జలుబు చేస్తే పట్టే ఆవిరి. చేతిలో డబ్బు నిలవకపోతే ఆవిరైపోయిందంటాం. యంత్రాలొచ్చాక ఆవిరి యంత్రం, ఆవిరి ఓడ అనే మాటలు పుట్టాయి. ఓడను జనం స్టీమరనే పిలిచారు. పండితుల 'ధూమశకటం' పొగబండికి సంస్కృత రూపమే, పుస్తకాలు దాటి పెద్దగా రాలేదు.

ఇప్పుడు ఆ లైను మీద కరెంటు ఇంజన్లు తిరుగుతున్నాయి. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించే తాండూరు వైపు మీ ఇల్లుంటే, రైలును ఏమని పిలిచేవారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టుకోండి.