పంచాయతీ కాగితములలోని ఇంగ్లీషు మాటలు

తెలుగును అధికార భాషగా చేసిన ఆంధ్రప్రదేశ్ చట్టము 1966లో వెలువడినది. అయినను పంచాయతీ కార్యాలయమునకు వచ్చు అంచనాలలో, టెండరు షరతులలో, బ్యాంకు ఉత్తరములలో ఇంగ్లీషు మాటలు నేటికిని కనిపించుచునే యున్నవి. బొత్తిగా తెలియని మాటతో అంత చిక్కు లేదు. ఎవరినైన అడిగి తెలిసికొందుము. తెలిసినదే యనుకొన్న మాటయే మోసపుచ్చును.

"అవుట్‌స్టాండింగ్" అను మాట పిల్లల మార్కుల పత్రములో మెచ్చుకోలు. వీధిదీపముల బిల్లులో అది చెల్లింపక నిలిచిన బాకీ. దానిని చూచి సర్పంచి మురిసిపోవలసిన పని లేదు. "ఇంటరెస్ట్" అనగా ఆసక్తి యని బడిలో నేర్చితిమి. బ్యాంకు ఉత్తరములో అది వడ్డీ. పంచాయతీ కంట్రాక్టులో ఒక సభ్యునికి ఇంటరెస్ట్ కలదని వ్రాసినచో, ఆ పనిపై ఆయనకు ఉత్సాహము కలదని కాదు, అందులో ఆయనకు సొంత లాభము కలదని భావము. అట్టిది రుజువైనచో సభ్యత్వమే పోవచ్చును.

"శాంక్షన్" అనగా మంజూరు. ఇది అందరు నెరిగినదే. కాని అది రెండు విధములని పలువురు గమనింపరు. పని అవసరమనియు, దానికింత వ్యయము చేయవచ్చుననియు అధికారము కలవారు అంగీకరించుట "అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్", అనగా పరిపాలనా మంజూరు. నమూనా, కొలతలు, ధరలు సరిగా నున్నవని ఇంజనీరు నిర్ధారించుట "టెక్నికల్ శాంక్షన్", అనగా సాంకేతిక మంజూరు. మొదటిది వచ్చినంతనే మురుగుకాలువ త్రవ్వించినచో బిల్లు చెల్లింపు నాడు అభ్యంతరము వచ్చును. పని చేసిన కూలీలు పంచాయతీ గుమ్మము చుట్టు తిరుగుదురు. కనుక శాంక్షన్ అను మాటకు ముందున్న మాటను కూడ చదువవలెను. వార్తాపత్రికలలో ఒక దేశముపై శాంక్షన్లు అని వచ్చినచో అవి మంజూరులు కావు, ఆంక్షలు. ఆ గొడవ మనకిచట అక్కరలేదు.

మరి రెండు చిన్న మాటలు కలవు: "షల్", "మే". షరతులలో సాధారణముగా షల్ అన్నచో చేసి తీరవలెను. మే అన్నచో చేయవచ్చును, మానవచ్చును. పగుళ్ళు వచ్చిన రోడ్డును కంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయవలెనా, ఇష్టమైననే చేయునా అనునది ఈ ఒక్క మాటపై ఆధారపడును.

ఇట్టి మాటలను విడిగా వల్లె వేసిన ప్రయోజనము తక్కువ. మాట కనిపించిన వాక్యమంతయు నోటుపుస్తకములో తెలుగు లిపిలో వ్రాసి, ప్రక్కన అర్థము వ్రాసికొనుట మేలు. వారమునకు ఐదు మాటలు చాలును.

"ఆడిట్" అను మాట, వినుట యను అర్థముగల లాటిన్ పదమునుండి పుట్టినది. పూర్వము లెక్కలను బిగ్గరగా చదువగా విని తనిఖీ చేసెడివారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద మన గ్రామములలో జరిగిన సామాజిక తనిఖీలలోను పనుల లెక్కలను సభ యెదుట చదివి వినిపించిరి. చదువురాని కూలీయు తన పేర ఎన్ని దినములు వ్రాసిరో అచట వినగలిగెను.