జీడిమామిడి తొడిమ

ఉద్దానమున పుట్టి జీడిమామిడి పండు రుచి ఎరుగని బాలుడుండడు. కాని ఎఱ్ఱగనో, పసుపుపచ్చగనో పండు ఆ ‘పండు’ నిజమునకు పండు కాదు, పువ్వును మోసిన తొడిమ. దాని కొనను వ్రేలాడు పిక్కయే అసలు కాయ. ఇట్టి వానిని వృక్షశాస్త్రజ్ఞులు అనృతఫలములందురు.

ఏ మొక్కకైనను పూతొడిమ చేయు పని రెండు విధములు. పువ్వును ఆకుల మరుగునుండి పైకెత్తి తేనెటీగలకు కనబడునట్లు నిలుపును. పిందె కట్టిన పిమ్మట దానికి నీటిని, ఆహారమును అందించును. కాయ ముదిరిన వెనుక సాధారణముగా తొడిమ ఎండిపోవును. జీడిమామిడియందు మాత్రము కథ తిరుగబడినది.

కొత్త చిగుళ్ళ కొనలను పూగుత్తులు వెలువడును. గుత్తిలో పూవులు వందల కొలది. అందు అధికభాగము మగపూవులే అగుటచే నిలుచు పిందెలు కొన్నియే. మొదట పిక్క పెరిగి పూర్తి పరిమాణమునకు వచ్చును. అంతవరకు తొడిమ సన్నగనే యుండును. పిదప పిక్క గట్టిపడి కొంచెము చిక్కగా, తొడిమ వేగముగా ఉబ్బి రసము నింపుకొనును. అనగా పచ్చిపిక్క పండిన పిక్కకంటె పెద్దదిగా అగపడును! ఇచ్చటనే పలువురు మోసపోవుచున్నారు. దొంగల భయముననో, అప్పుల తొందరననో ముందుగా కోసిన పిక్కలో పప్పు నిండదు. పలాస బజారున దానికి ధర పలుకదు.

లేత పూకాడలకు తేయాకుదోమ పరమశత్రువు. అది రసము పీల్చిన గుత్తి నల్లబడి మాడిపోవును. చిగురు, పూగుత్తి, పిందె దశలను కనిపెట్టి, వ్యవసాయాధికారుల సలహాపై మందు చల్లవలెను. పూత విరివిగా విచ్చియున్నప్పుడు చల్లినచో తేనెటీగలు చచ్చును, పిందె తగ్గును.

2018 అక్టోబరు 11న తీరము దాటిన తిత్లీ తుపాను ఈ ప్రాంతపు తోటలను కూల్చినది. మరల అంట్లు నాటువారు మొదటి రెండేండ్లు పూగుత్తులను త్రుంచివేయవలెను. అప్పుడే చెట్టు బలియును. తొలిపూతను చేతులార త్రుంచుట ఏ రైతునకైనను కష్టమే, నిజము.

పంచాయతీ భూములలో జీడితోట యున్నచో, పచ్చిపిక్కలను కోయరాదని, కొమ్మలను దులుపరాదని వేలము షరతులలో వ్రాయించుడు. తొడిమ పండి తనంత తాను రాలిన పిక్కలనే ఏరించి, రెండు మూడు దినములు ఎండబెట్టించుడు.